రెండో బ్రేకు

డ్రైవింగు మాస్టారి కూతురు డ్రైవింగు పరీక్ష తప్పితే ఊరంతా ఎంత సంతోషిస్తుందో మా ఇంట్లోవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఎండాకాలం మా అక్క రెండోసారి తప్పి తిరిగొస్తుంటే, మా వీధి మొదట్లో ఇస్త్రీ కొట్టాయన చేతిలో పని పక్కన పెట్టి మరీ, "ఏమ్మా, ఈసారి కూడా గీత దాటించేశావటగా?" అని పలకరించాడు. మేమింకా ఇల్లు చేరనేలేదు, కబురు మాత్రం మాకంటే ముందే చేరిపోయింది.

గీతంటే పరీక్ష మైదానం చివర సున్నంతో గీసిన తెల్లగీత. బండి నడుపుకుంటూ వచ్చి దాని ముందు ఆపాలి. మలుపులూ రివర్సూ గేర్లూ అన్నీ అక్క చక్కగా చేసేది. తీరా ఆ గీత దగ్గరికి వచ్చేసరికి ముందు చక్రాలు దాన్ని దాటేసి అవతల నిలబడేవి. పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరు నల్లకళ్ళద్దాల మనిషి, నోరు విప్పేవాడు కాదు. తలుపు తీసుకుని దిగిపోయేవాడు. దిగాడంటే తప్పినట్టే.

నవ్వేవాళ్ళు నవ్వుకోనీ అనుకుని ఊరుకోవడానికి లేదు. అక్క ఉద్యోగం ఆ గీత దగ్గరే ఆగిపోయింది. నర్సింగులో వాళ్ళ బ్యాచికంతటికీ అక్కే ఫస్టు. ఆసుపత్రివాళ్ళకి ఒక వ్యాను ఉండేది. మందులూ సూదులూ వేసుకుని ఊరవతల దూరంగా ఉన్న ఇళ్ళకి వెళ్ళొచ్చేది. దాని డ్రైవరు రిటైరయ్యాక, ఇక నర్సే నడుపుకుని వెళ్ళాలని తేల్చారు. పెద్ద డాక్టరమ్మ అక్కని పిలిచి, "మార్కుల్లో నువ్వే ముందున్నావు, ఉద్యోగం నీదే. వానలు మొదలయ్యేలోగా లైసెన్సు తెచ్చి చూపించు" అంది. తేలేకపోతే తర్వాతివాడికి ఇస్తారు. ఆ తర్వాతివాడు మూడేళ్ళూ అక్క నోట్సు చూసి రాసుకుని గట్టెక్కిన కుర్రాడు. వాడి దగ్గర లైసెన్సు ఉంది.

ఇంటికొచ్చాక నాన్న అక్క పక్కన కూర్చుని తల నిమిరాడు.

"పోనీలే తల్లీ. చదువు వచ్చినంత మాత్రాన బండి కూడా రావాలని ఎక్కడుంది? అన్నీ అందరికీ రావు. వార్డులో ఏదైనా ఉందేమో అడుగుదాం. హాయిగా నీడపట్టున ఉంటావు."

"నాకు నీడ వద్దు నాన్నా, బండి కావాలి" అంది అక్క. ఏడవలేదు గానీ ముక్కు కొస ఎర్రబడింది. "నాకు ఒకటే అర్థం కావట్లేదు. నువ్వు నేర్పేటప్పుడు కాలు అలా ఆనిస్తే చాలు, బండి ఆగిపోతుంది. అదే బండి, అదే బ్రేకు, ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చుంటే నా మాట వినదు."

"భయం" అని తేల్చేశాడు నాన్న. "ఆడపిల్లలకి ఉండేదే."

అక్క లేచి వెళ్ళి మొహం కడుక్కుంది. నాకు మాత్రం ఆ భయం అన్నమాట మింగుడుపడలేదు. శవాల గదిలోకి ఒక్కతే వెళ్ళి పని చూసుకుని వచ్చిన మనిషి మా అక్క. సున్నపు గీతకి భయపడుతుందా?

మా నాన్న గురించి ఒక మాట చెప్పాలి. ఊళ్ళో అందరూ మాస్టారనే పిలిచేవారు. ఉన్నది ఒకే కారు, పసుపు రంగుది, దాన్ని మేం తాబేలు అనేవాళ్ళం. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఎలాగూ బ్రేకు ఉంటుంది. పక్క సీట్లో నాన్న కాళ్ళ దగ్గర కూడా ఇంకొకటి ఉండేది, రెండో బ్రేకు. అవతలివాళ్ళు తప్పు చేస్తే నాన్న అది తొక్కేవాడు, అప్పుడు టక్కుమని చప్పుడయ్యేది. ఆడవాళ్ళు నేర్చుకునేటప్పుడు తోడుగా నేను వెనక సీట్లో కూర్చోవాలని అమ్మ షరతు. పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను కాబట్టి ఆ ఎండాకాలమంతా నా కాపురం వెనక సీట్లోనే.

మగపిల్లలు నేర్చుకునేటప్పుడు నాన్న ఇంకో మనిషి. "ఏరా, గోడకి ముద్దు పెడతావా?" "అది స్టీరింగురా, సీసా మూత కాదు!" అని వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతే మారిపోయేది. "నెమ్మదిగా అమ్మా, కంగారేం లేదు, నేనున్నాగా" అనేవాడు. ఒక్కనాడు కసిరింది లేదు. అందుకే ఊళ్ళో ఆడవాళ్ళందరూ మా నాన్న దగ్గరికే వచ్చేవారు. వచ్చి, మెత్తగా నేర్చుకుని, పరీక్ష తప్పేవారు. మగపిల్లలు తిట్లు తిని పాసయ్యేవారు. ఇందులో వింతేముందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ సాయంత్రం నాన్న నన్నెక్కించుకుని తాబేలుని మెకానిక్కు దగ్గరికి తోలాడు. పైకి భయం అన్నాడు గానీ, కూతురి మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది. మెకానిక్కు బండి కింద దూరి, బయటికొచ్చి, బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పాడు.

"మీవైపు పెడల్ రబ్బరు మాత్రం మార్చాలి మాస్టారూ. ఈమధ్యేగా వేశాను?"

"ఆడవాళ్ళ బ్యాచి ఎక్కువైందిలే ఈ ఏడాది" అన్నాడు నాన్న, టీ ఊదుకుంటూ.

ఎండలు ఎక్కువయ్యాయిలే అన్నంత మామూలుగా అన్నాడు. మెకానిక్కు కూడా తలూపి కొత్త రబ్బరు తెచ్చి బిగించాడు. పాతది నా చేతికిచ్చి పారెయ్యమన్నాడు. అది అరిగి నున్నగా అయిపోయి ఉంది. నేను దాన్ని పారెయ్యలేదు. ఇంటికొచ్చేదాకా వేళ్ళతో తడుముతూనే ఉన్నాను.

మర్నాడు బ్యాంకావిడ క్లాసు. ఆవిడ మా దగ్గర నేర్చుకోవడం అది మూడో విడత. పాపం, ప్రతి విడతా కొత్త ఉత్సాహంతో వచ్చేది. నేను ఆవేళ రోడ్డు చూడటం మానేసి, ముందుకి వంగి కాళ్ళు చూడటం మొదలుపెట్టాను. నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం పడింది. ఆవిడ కాలు ఇంకా లేవనేలేదు, నాన్న కాలు కదిలింది. టక్కు. బండి ఆగింది. ఆ తర్వాత ఆవిడ కాలు తాపీగా వెళ్ళి బ్రేకు మీద కూర్చుంది.

"చూశారా మాస్టారూ, ఎంత మెత్తగా ఆపానో!"

"భేష్ అమ్మా, భేష్" అన్నాడు నాన్న.

ఇద్దరూ నిజంగానే సంతోషపడ్డారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, ఈయన వేళాకోళం చెయ్యలేదు. నేను మాత్రం వెనక సీట్లోంచి ఆ రెండు కాళ్ళ వంకే చూస్తుండిపోయాను. ఆ తర్వాత వచ్చిన పొడుగు కుర్రాడి క్లాసులో కూడా నేనే పట్టుబట్టి ఎక్కి కూర్చున్నాను. వాడు ఒక సైకిలుని ఒరుసుకుంటూ పోయాడు, చెత్తకుండీ దాకా వెళ్ళి ఆగాడు. నాన్న అరుస్తూనే ఉన్నాడు గానీ కాలు కదపలేదు. క్లాసు మొత్తం మీద టక్కు వినపడింది ఒక్కసారో రెండుసార్లో.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కదిపాను. అమ్మ వడ్డిస్తోంది, అక్క కంచంలో వేళ్ళు ఆడిస్తోంది.

"నాన్నా, అక్క తనంతట తాను బండి ఆపడం నువ్వు ఎప్పుడైనా చూశావా?"

"రోజూ చూస్తూనే ఉన్నాగా."

"అక్క ఆపడం కాదు, నువ్వు ఆపడం చూస్తున్నావు. అక్క కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపే నీ కాలు తొక్కేస్తోంది. బ్యాంకావిడకీ అంతే. మగపిల్లలకి మాత్రం తొక్కట్లేదు."

నాన్న ఒంటికాలి మీద లేచాడు. "నువ్వు పుట్టకముందు నుంచి నేర్పుతున్నానే నేను! నా కాలు అడ్డం పడకపోతే ఈ ఊళ్ళో సగం గోడలు ఈపాటికి కూలిపోయేవి. వెనక సీట్లో కూర్చోమంటే కూర్చుని నాకే పాఠాలా?"

"అవి మగపిల్లలు గుద్దిన గోడలు నాన్నా. ఆడవాళ్ళు ఒక్క గోడా గుద్దలేదు. గుద్దనిస్తేగా."

అక్క వేళ్ళు కంచంలో ఆగిపోయాయి. నా వంకా నాన్న వంకా మార్చి మార్చి చూసింది. నాన్న ఇంకా ఏదో అనబోతున్నాడు. అప్పుడు అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి కూర్చుంది. అమ్మ వడ్డన మధ్యలో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నాకూ అంతేనండీ" అంది.

"నీకేమిటి?"

"నాకూ నేర్పారుగా, కొత్తలో. మీరు భేష్, భేష్ అనేవారు. వచ్చేసిందనే అనుకున్నాను. పరీక్షలో గీత దాటిపోయింది. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ దాటిపోయింది. మీరు ఒక్క మాట అనలేదు, పోనీలే అన్నారు. నాకే చేతకాదనుకుని ఊరుకున్నాను." గిన్నెలో గరిటె సర్దుతూ, "ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను" అంది.

అమ్మ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాన్న ఎదురు మాట్లాడి ఉండేవాడు. కంచం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళి, తాబేలు తలుపు తెరిచి, రెండో బ్రేకు వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూశాను. కోపంగా ఉన్నాడో బాధగా ఉన్నాడో వీపు చూసి చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే మమ్మల్నిద్దర్నీ లేపి, ఊరి చివర పాత గోదాముల వెనక ఉన్న ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. అక్కని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, "ఇవాళ నేను బ్రేకు ముట్టుకోను. నువ్వే ఆపు" అన్నాడు. అక్క బండి కదిలించింది. గోదాము గోడ ఇంకా అల్లంత దూరంలో ఉంది. టక్కు.

"నాన్నా!"

"నేను తొక్కలేదు!"

"తొక్కావు" అన్నాను వెనకనుంచి.

నాన్న వంగి తన కాలు చూసుకున్నాడు. పరాయివాడి కాలు చూసినట్టు చూశాడు. "దానంతట అదే పోయింది" అన్నాడు నీరసంగా. ఇంకోసారి ప్రయత్నించారు. ఇంకోసారి టక్కు. కాళ్ళు వెనక్కి ముడిచి సీటు కింద పెట్టుకున్నాడు. గోడ దగ్గరపడేసరికి కాలు మళ్ళీ ముందుకొచ్చేసింది. అక్క బండి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుంది.

"నా వల్ల కాదు నాన్నా, ఇక పోదాం పద" అంది.

"నీ వల్ల కాకపోవడమేమిటి, నా వల్ల కావట్లేదు" అన్నాడు నాన్న.

అని, వంగి బూట్ల తాళ్ళు విప్పాడు. బూట్లు రెండూ ఊడదీసి, "పట్టుకో" అని వెనక్కి నాకు అందించాడు. కాళ్ళు రెండూ పైకి లాక్కుని సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మనిషి కొంచెం భారీ. తలుపుకీ గేరుకీ మధ్య ఇరుక్కుని, మోకాలు డ్యాష్‌బోర్డుకి తగులుతూ, కూర్చున్న తీరు చూస్తే నవ్వొచ్చేలా ఉంది. ఎవరమూ నవ్వలేదు మాత్రం.

"పోనీ" అన్నాడు.

అక్క పోనిచ్చింది. గోడ దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది. నేను బూట్లు గుండెలకి హత్తుకున్నాను. అక్క కాలు బ్రేకు మీద ఎప్పటిలాగే మెత్తగా ఆనింది. బండి ఆగలేదు. అప్పుడు అర్థమైందేమో, ఒక్కసారిగా బలంకొద్దీ తొక్కింది. తాబేలు కీచుమని అరిచి గోడకి బెత్తెడు దూరంలో ఆగింది. నాన్న నుదురు డ్యాష్‌బోర్డుకి ఠపీమని కొట్టుకుంది.

"ఏమే! గోడకి ముద్దు పెడతావా?" అని నాన్న అరిచిన అరుపుకి గోదాముల మీద పావురాలు లేచిపోయాయి.

అరిచి, తనే బిత్తరపోయాడు. నుదురు పట్టుకుని అక్క వంక చూశాడు. అక్క వెనక్కి తిరిగి నా వంక చూసింది. మొహం విప్పారిపోయి ఉంది.

"నన్ను తిట్టాడే!" అంది. లాటరీ తగిలినట్టు చెప్పింది.

ఆ రోజు నుంచి క్లాసులన్నీ అలాగే జరిగాయి. బండెక్కగానే నాన్న బూట్లు విప్పడం, నేను ఒళ్ళో పెట్టుకోవడం, నాన్న బాసింపట్టు వేసుకోవడం. బ్రేకు తొక్కడానికి వీల్లేని కోపమంతా నోట్లోకి వచ్చేసింది. అక్కకి ఎన్ని తిట్లు పడ్డాయో లెక్కలేదు. తిట్టిన కొద్దీ అక్కకి నడపడం తేలికైంది. బ్రేకు ఎంత తొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో కాలికి దానంతట అదే తెలిసిపోతోందని చెప్పేది. బ్యాంకావిడ మొదటిరోజు కంగారుపడి, "మాస్టారూ, ఒంట్లో బాగాలేదా? కాళ్ళు పైకి పెట్టుకున్నారేం?" అని అడిగింది. రెండోరోజు తిట్లు పడ్డాక, "మీ నాన్నగారికి ఈమధ్య ముక్కు మీద కోపం వచ్చిందే" అని నాతో ఫిర్యాదు చేసింది. తర్వాత్తర్వాత ఆవిడా తిరిగి కసరడం నేర్చుకుంది. క్లాసు సందడిగా ఉండేది.

ఇంకొక్క సంగతి చెప్పి పరీక్ష దగ్గరికి వస్తాను. పరీక్షకి ముందు వారంలో అక్క బజారు వీధిలో నడుపుతోంది. ఆగి ఉన్న లారీ చాటునుంచి ఒక పాప బంతి వెంట పరుగెత్తుకొచ్చింది. ఎవరూ కేక వెయ్యలేదు, అంత తీరిక లేదు. నాన్న కుడికాలు మడతలోంచి ఊడిరావడానికి గింజుకుంది. అది బయటికి రాలేక సీటుకీ తలుపుకీ మధ్య ఇరుక్కుపోయింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. నేను నాన్ననే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

కళ్ళు తెరిచేసరికి బండి ఆగి ఉంది. పాప బంతి తీసుకుని, మా వంక ఒకసారి చూసి, వచ్చిన దారినే పోయింది. అక్క రెండు చేతులూ స్టీరింగు మీద బిగించి, ముందుకే చూస్తోంది.

నాన్న ఇరుక్కున్న కాలు లాక్కున్నాడు.

"సరే, ఆపావు" అన్నాడు. "వెనకొచ్చేవాడి సంగతి? అద్దంలో చూడవా?"

"చూసే ఆపాను నాన్నా" అంది అక్క.

ఇంటికి చేరేదాకా ఒక్క తిట్టు కూడా పడలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మతో, "పెద్దది నాకంటే ముందు చూసింది" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

పరీక్ష రోజుకి ఆకాశం మబ్బు పట్టేసింది. డాక్టరమ్మ పెట్టిన గడువు గుర్తొచ్చి నేను మాటిమాటికీ పైకి చూస్తున్నాను. అమ్మ కూడా మాతో వచ్చింది. మేం ముగ్గురం మైదానం కంచె పట్టుకుని నిలబడ్డాం. నల్లకళ్ళద్దాల ఇన్‌స్పెక్టరు తాబేలు ఎక్కి, అక్క పక్కన కాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మలుపులు అయ్యాయి, రివర్సు అయింది. బండి తిన్నగా తిరిగి తెల్లగీత వైపు బయల్దేరింది. అక్క వేగం ఏమీ తగ్గించలేదు.

టప్, టప్ మని ఏదో చప్పుడు వినపడి కిందికి చూశాను. నాన్న కుడి బూటు మట్టిని తొక్కుతోంది.

"కాలు తియ్యండి" అంది అమ్మ, గీత మీదినుంచి చూపు తిప్పకుండానే.

నాన్న కాలు పైకెత్తాడు. కంచె పట్టుకుని కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డాడు.

తాబేలు గీత ముందు ఆగింది. తొణకకుండా, కీచుమనకుండా ఆగింది. చక్రానికీ గీతకీ మధ్య సున్నం అంటని మట్టి మాకు కంచె దగ్గరికి కనపడుతోంది. ఇన్‌స్పెక్టరు దిగలేదు. కూర్చునే ఉన్నాడు, అక్కతో ఏదో అంటున్నాడు. ఆ మనిషికి నోరుందని మాకు అప్పుడే తెలిసింది. నేను అక్కడే మట్టిలో చతికిలబడ్డాను. నాన్న ఎత్తిన కాలు ఇంకా దించలేదు. అమ్మ ఆయన భుజం తట్టి, "ఇక దించండి" అంది.

అక్క అక్కడినుంచే ఆసుపత్రికి ఫోను చేసింది. రేపు వచ్చి వ్యాను తాళాలు తీసుకోమని డాక్టరమ్మ చెప్పిందట. అక్క ఆ మాట మాకు చెప్తూ చెప్తూ నవ్వబోయి ఏడ్చేసింది. నాన్న మొహం అటు తిప్పుకుని తాబేలు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రంగా ఉన్న అద్దాన్ని చొక్కా చేత్తో తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

ఇంటికి అక్కే నడిపింది. గోదాముల దగ్గరికి వచ్చేసరికి మొదటి చినుకులు పడ్డాయి. "ఇక్కడ కాస్త ఆపవే" అంది అమ్మ. ఏం కావాలో అనుకుని అక్క ఖాళీ స్థలంలోకి తిప్పి ఆపింది. అమ్మ నా పక్కనుంచి దిగి, ముందుకి వెళ్ళి, అక్క వైపు తలుపు తెరిచి నిలబడింది. అక్కకి క్షణం పట్టింది అర్థం కావడానికి. దిగి వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుని, సీటు ముందుకి జరుపుకుంది. ఆ మీట ఎక్కడుందో అమ్మ వెతుక్కోలేదు.

నాన్నకి పాత గొంతు, ఆడవాళ్ళ బ్యాచి గొంతు వచ్చేసింది.

"నెమ్మదిగా. కంగారేం లేదు. నేనున్నా..."

"మీరుండండి" అంది అమ్మ, తాళం తిప్పుతూ. "కాళ్ళు మాత్రం పైకి పెట్టుకోండి."

నాన్న వంగి, బూట్లు విప్పి, వెనక్కి నాకు అందించాడు.